ఫోర్సైత్ కౌంటీకి 200 ఏళ్లు వస్తున్నాయి, అభినందనలో ఏం రాస్తారు?

అట్లాంటాలో ఇల్లు కొన్న చుట్టాలని ఎక్కడ కొన్నారని అడగండి, చాలామంది చెప్పే పేరు కమింగ్. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఫోర్సైత్ కౌంటీకి కేంద్రం అదే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే అక్కడ షెరీఫ్‌ని కూడా ఓట్లేసి ఎన్నుకుంటారు. 2032 డిసెంబర్ 3కి ఈ కౌంటీకి 200 ఏళ్లు నిండుతాయి. జార్జియా శాసనసభ అభినందన తీర్మానం చేయకుండా ఉంటుందని నేననుకోను.

ఈ తీర్మానాల సంగతి చూసినవాళ్లకి తెలుసు. స్థానిక సభ్యుడు ఒక కాగితం పెడతాడు. కప్పు గెలిచిన స్కూలు టీమ్‌కీ, రిటైరైన అధికారికీ చెప్పే అభినందనలతో కలిపి దాన్నీ ఒకే ఊపులో ఆమోదిస్తారు. చర్చ ఉండదు, పైసా ఖర్చు లేదు, ఫ్రేమ్ కట్టిన కాపీ పట్టుకుని ఒక ఫొటో దిగితే అయిపోయింది. కాగితం నిండా 'వేర్‌యాజ్' అంటూ మొదలయ్యే పేరాలే, మన పాత దస్తావేజుల్లో 'ఏమనగా' లాగ. ఫలానా తేదీన కౌంటీ ఏర్పడింది కనుక, ఇక్కడ చక్కని సరస్సు ఉంది కనుక, ప్రజలు కష్టజీవులు కనుక...

ఉత్తుత్తి కాగితమేగా అని వదిలేయొచ్చు. నాకు మాత్రం ఎవరూ చదవకుండా చేతులెత్తే కాగితం మీదే అనుమానం ఎక్కువ, ఎందుకంటే ప్రభుత్వ రికార్డులో చరిత్రగా మిగిలేది ఆ నాలుగు పేరాలే.

అసలు ఆ పుట్టినరోజు ఎలాంటిదో చూడండి. 1832 మార్చి 3న వోర్సెస్టర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అక్కడి ఆదివాసీలైన చెరోకీల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తేల్చి చెప్పింది. సరిగ్గా తొమ్మిది నెలలకి అదే జార్జియా శాసనసభ అదే నేలని పది కౌంటీలుగా కోసేసింది! కాబ్, ఫ్లాయిడ్, లంప్‌కిన్, ఫోర్సైత్, అన్నీ ఆ ఒక్క రోజు పంపకాలే. కేసు గెలిచిన శామ్యూల్ వోర్సెస్టర్ అనే మిషనరీ ఆ రోజుకి ఇంకా జార్జియా జైల్లోనే ఉన్నాడు, 1833 జనవరిలో గానీ వదల్లేదు. ఈ లోపల ఆ నేలని పంచే లాటరీ నడుస్తోంది: ఒక డ్రమ్ములోంచి తెల్లవాళ్ల పేర్ల చీటీ, ఇంకో డ్రమ్ములోంచి ప్లాటు చీటీ తీస్తారు. మామూలు ప్లాటు 160 ఎకరాలు, బంగారం పడొచ్చనుకున్న చోట 40. ఆ ప్లాట్లలో చెరోకీలు కాపురం ఉంటూనే ఉన్నారు, 1838లో సైన్యం వచ్చి తరిమేదాకా. కౌంటీకి పెట్టిన పేరేమో జాన్ ఫోర్సైత్‌ది. అప్పటికి సిట్టింగ్ సెనేటర్, ఆదివాసీలని తరలించే చట్టం తరఫున సెనేట్‌లో గట్టిగా వాదించిన మనిషి. బతికున్న నాయకుల పేర్లు పెట్టే అలవాటు మనదొక్కరిదే కాదన్నమాట.

అంటే శాసనసభ అభినందించేది తను చేసిన పనినే.

తర్వాతి సంగతి 1912. ఒక తెల్లమ్మాయి మీద ప్రాణాంతకమైన దాడి జరిగాక కమింగ్‌లో రాబ్ ఎడ్వర్డ్స్‌ని జైల్లోంచి లాగి చంపారు, ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లకి ఒక్కరోజు విచారణతో ఉరి వేశారు, ఆ పైన కౌంటీలో ఉన్న సుమారు 1,100 మంది నల్లవాళ్లని ఇళ్లూ పొలాలూ వదిలి పారిపోయేలా చేశారు. 1987 జనవరిలో సైతం కొద్దిమంది శాంతి ఊరేగింపుకి వస్తే రాళ్లు పడ్డాయి. వారం తిరిగేసరికి దాదాపు 20,000 మంది వచ్చి నడిచారు. అప్పటి తెల్లవాళ్ల కౌంటీలో ఇవాళ మనవాళ్ల గృహప్రవేశాలు జరుగుతున్నాయి.

'శుభమా అని పుట్టినరోజు చేసుకుంటుంటే ఈ తద్దినం ఎందుకు' అనేవాళ్లుంటారు. మనిషి పుట్టినరోజైతే నేనూ అదే అంటాను. ఇది శాసనసభ తన చట్టం గురించి తనే రాసుకుంటున్న మాట. పైగా పాత తప్పు ఒప్పుకోవడం వాళ్లకేం కొత్త కాదు: 1962లో జార్జియా శాసనసభే ఆ పాత చెరోకీ వ్యతిరేక చట్టాలని రద్దు చేసింది, 1992లో రాష్ట్ర క్షమాభిక్ష బోర్డు వోర్సెస్టర్‌కి, అతనితో జైలుకెళ్లిన బట్లర్‌కి క్షమాభిక్ష ఇచ్చింది, పోయిన నూట ముప్పై ఏళ్లకైనా సరే. ఆ పది కౌంటీల్లో ఒకటైన కాస్ పేరునైతే 1861లో రాజకీయం మారగానే బార్టోగా మార్చేశారు. అవసరం అనుకుంటే పేరే మార్చగలిగిన సభకి ఈ చరిత్ర చెప్పే నాలుగు పేరాలు చేర్చడం ఏ పాటి?

ఇంకో చిక్కు కూడా ఉంది. జార్జియా సభలు జనవరిలో మొదలై వసంతానికల్లా ముగుస్తాయి, డిసెంబర్ 3న మామూలుగా ఎవరూ కూర్చోరు. కాబట్టి ఈ తీర్మానం బహుశా 2032 మొదట్లోనే రావాలి. సుప్రీంకోర్టు తీర్పుకి 200 ఏళ్లు నిండే మార్చి 3 కూడా ఆ సమావేశాల మధ్యలోనే పడుతుంది.