ఫెలోషిప్ ఒకటో తారీఖున పడాలి

బీపీటీ వరి వేసిన రైతుకు ఎండాకు తెగులు పేరు వింటేనే గుండె దడ. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఈ బీపీటీ, అంటే సాంబా మసూరి, అన్నానికి ఎంత బాగుంటుందో, ఈ తెగులుకు అంత తేలిగ్గా లొంగిపోతుంది. బ్యాక్టీరియా వల్ల ఆకు కొసల నుంచి ఎండుతూ వచ్చే ఈ జబ్బును మందులతో అదుపు చేయడం కష్టం. ఆ బెడదకు విత్తనంలోనే మందు పెట్టింది హైదరాబాద్‌లోని రెండు ప్రభుత్వ సంస్థలు. ఒకటి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, రెండోది హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ. అవి కలిసి తయారుచేసిన మెరుగైన సాంబా మసూరి 2008లో విడుదలైంది.

పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వంగడం నుంచి మూడు నిరోధక జన్యువులను మన సాంబా మసూరిలోకి తెచ్చారు. ఇలా ఒక్క ముక్కలో చెప్పేస్తాం గానీ అది ఏళ్ల తరబడి చాకిరీ. ప్రతి తరంలోనూ ఒక్కో మొక్క నుంచి ఆకు ముక్క తుంచి డీఎన్‌ఏ తీయాలి. మూడు జన్యువులూ ఉన్న మొక్కను ఏరి మళ్లీ సాంబా మసూరితో సంకరపరచాలి. అలా నాలుగుసార్లు! వచ్చిన మొక్క తెగులును తట్టుకుంటుందా లేదా చూడటానికి, బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచిన కత్తెరతో ఆకు కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలు ఆగి, ఎంతమేర ఎండిందో స్కేలుతో కొలుస్తారు. ఏ ల్యాబ్‌లోనైనా ఇలాంటి పనిలో అధికభాగం ఫెలోషిప్ అనే నెలవారీ భృతి మీద బతికే పీహెచ్‌డీ విద్యార్థుల చేతుల మీదుగానే సాగుతుంది. ఆదివారమని మొక్క ఆగదు, పండగని బ్యాక్టీరియా ఆగదు. కాబట్టి వాళ్లూ ఆగరు.

1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో మొదలైన సీసీఎంబీ పేరు చెబితే మనకు గుర్తొచ్చేవి చాలా ఉన్నాయి. ఇక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ డీఎన్‌ఏ వేలిముద్రల విధానం కోర్టు కేసులకు ఆధారమైంది. అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జంతువుల కోసం ప్రత్యేక ప్రయోగశాల వెలసింది. 2020లో కరోనా ముంచుకొచ్చినప్పుడు శాంపిల్ నుంచి వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను విడిగా తీసే దశ అవసరం లేని పరీక్ష పద్ధతి ఇక్కడే తయారైంది. ఆ రోజుల్లో అందరం తలుపులు వేసుకుని కూర్చుంటే, ఈ పీహెచ్‌డీ పిల్లలు శాంపిళ్లు పరీక్షించడానికి ముందుకొచ్చారు. ఆ మాట మనం మరిచిపోకూడదు.

అలాంటి వాళ్లను దేశం ఎలా చూసుకుంటోంది? జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు రూ.37 వేలు, సీనియర్‌కు రూ.42 వేలు. 2023 జనవరి నుంచి వర్తించిన ఈ పెంపు కోసం కూడా పరిశోధకులు రోడ్డెక్కాల్సి వచ్చింది. సరే, ఆ మొత్తమైనా నెలనెలా చేతికొస్తుందా అంటే, అదీ లేదు. దేశంలో ఎన్నోచోట్ల నెలల తరబడి ఫెలోషిప్ పడక విద్యార్థులు అప్పులు చేస్తున్నారు. పాతికేళ్లు దాటిన మనిషి గది అద్దెకు, మెస్ బిల్లుకు ఇంటికి ఫోన్ చేయడమంటే ఎంత నామోషీ! ఇంటికి డబ్బు పంపాల్సిన వయసులో ఇంటి నుంచి తెప్పించుకోవడం చాలా కుటుంబాలకు మోయలేని భారం. ఈ టెన్షన్‌తో ప్రయోగం మీద మనసు ఎలా నిలుస్తుంది? పైగా ఫెలోషిప్ గడువు ఐదేళ్లే. థీసిస్ ఆరో ఏట పడితే ఆ ఏడాది ఎలా గడవాలన్నది విద్యార్థి తలనొప్పి.

దేశ స్థూల ఉత్పత్తిలో పరిశోధనకు మనం వెచ్చిస్తున్నది 0.64 శాతమే. చైనా రెండు శాతం దాటి చాలాకాలమైంది. అదీ చాలదన్నట్టు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే పరికరాలపై 5 శాతమే జీఎస్టీ వేసే రాయితీని 2022 జులైలో ఎత్తేశారు. దాంతో చాలా పరికరాల మీద పన్ను 18 శాతానికి చేరింది. కేంద్రం ఒక చేత్తో ఇచ్చిన గ్రాంటును మరో చేత్తో వెనక్కి లాక్కోవడం ఏం న్యాయం? 2023లో చట్టం చేసి తెచ్చిన జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో రూ.50 వేల కోట్లన్నారు. అందులో అధికభాగం ప్రభుత్వేతర వనరుల నుంచి వస్తుందని లెక్క వేసుకున్నారు. లాభం ఎప్పుడొస్తుందో తెలియని ఎండాకు తెగులు పరిశోధనకు ఏ కంపెనీ పదేళ్లు ఎదురుచూస్తుంది? అలాంటి పని ప్రభుత్వ సొమ్ముతోనే జరగాలి.

సంస్థ ఉద్యోగుల జీతాలతో పాటే ఒకటో తారీఖున ఫెలోషిప్ కూడా ఖాతాలో పడాలి. ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలి. గైడ్ సిఫార్సు చేస్తే ఆరో ఏటికీ పొడిగించాలి. ఆనాటి పన్ను రాయితీని పరిశోధన సంస్థలకు తిరిగి ఇవ్వాలి. తెలుగు రాష్ట్రాల నుంచి పార్లమెంటుకు వెళ్లిన సభ్యులు వచ్చే సమావేశాల్లో ఒక ప్రశ్న వేయాలి: దేశం మొత్తమ్మీద ఎంతమంది పరిశోధకులకు, ఎన్ని నెలల ఫెలోషిప్ బకాయి ఉంది? సంస్థలవారీగా ఆ లెక్క సభ ముందు పెట్టమని కేంద్రాన్ని నిలదీయాలి.