మిసోరీ మూతులకు నేతి వాసన

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అనే మాటను మనవాళ్లు వెక్కిరింపుకు వాడి వాడి పాడుచేశారు. నిజానికి అది ఒక పరిపాలనా విధానం. దాన్ని లెక్కలతో సహా, నిష్ఠగా అమలు చేస్తున్న సంస్థ ఒకటి అమెరికాలో ఉంది. మిసోరీ రాష్ట్రంలో, 1818లో పుట్టిన సెయింట్ లూయిస్ యూనివర్సిటీ మగపిల్లల ఫుట్‌బాల్ జట్టు అది. అక్కడివాళ్లు ఈ ఆటను సాకర్ అంటారు. ఎందుకంటే ఫుట్‌బాల్ అనే పేరును చేతుల్లో బంతి పట్టుకుని పరిగెత్తే ఆటకు ముందే ఇచ్చేశారు.

యూనివర్సిటీల జాతీయ సాకర్ టోర్నమెంటు 1959లో మొదలైంది. అప్పటి నుంచి 1973 దాకా 15 ఏళ్లలో ఈ జట్టు 10 టైటిళ్లు కొట్టింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో కొట్టినవి సున్నా. అయినా అత్యధిక టైటిళ్ల రికార్డు ఇప్పటికీ వీళ్లదే. అంటే 15 ఏళ్లు సర్వీసు చేసి, 50 ఏళ్లకు పైగా పెన్షన్ తీసుకుంటున్నారన్నమాట. ఏటా లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్ర పడక అవస్థ పడే మన రిటైర్డ్ మేష్టార్లకే ఇందులోని గొప్పదనం తెలుస్తుంది.

ఈ యూనివర్సిటీ వైరాగ్యం 1906లోనే బయటపడింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు విసరొచ్చని ఆ ఏడాది రూలు మారితే, ఆ రూలు కింద మొట్టమొదట విసిరినవాడు వీళ్ల ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్. మొదటి విసురు ఎవరికీ అందలేదు, రూలు ప్రకారం బంతి అవతలి జట్టుకు పోయింది. కొత్తది కనిపెట్టినవాడికి లోకం చేసే మర్యాద ఎప్పుడూ అంతే కదా. ఇవాళ ఆ విసురు మీద వందల కోట్ల డాలర్ల వ్యాపారం నడుస్తోంది. మరి దారి చూపించిన వీళ్లో? 1949 సీజన్‌తో ఆ జట్టునే ఎత్తేశారు.

జట్టు పేరు బిల్లికెన్స్. బిల్లికెన్ అంటే పులీ కాదు, గద్దా కాదు. 1908లో కాన్సాస్ సిటీకి చెందిన ఫ్లోరెన్స్ ప్రెట్జ్ అనే చిత్రకారిణి పేటెంటు తీసుకున్న ఒక బొమ్మ. బొద్దు పొట్ట, మొనదేలిన చెవులు, నెత్తిన పిలక లాంటిది, కాళ్లు బారచాపుకుని కూర్చుని ఒక నవ్వు. అప్పట్లో ఉన్న కోచ్ జాన్ బెండర్ అచ్చం ఆ బొమ్మలా ఉంటాడని ఎవరో అన్నారనీ, ఆ పేరే జట్టుకు అతుక్కుపోయిందనీ ఎక్కువమంది చెప్పే కథ. మన దగ్గర అయితే మేష్టారికి పెట్టిన నిక్‌నేమ్ బాత్రూమ్ గోడ దాటదు. అక్కడ జెర్సీ మీదకు ఎక్కింది. ఈ బొమ్మను కొనుక్కుంటే అదృష్టమట, ఎవరైనా ఇస్తే ఇంకా అదృష్టమట. కూర్చున్నచోటే అన్నీ జరిగిపోవాలనే దేవుడిని ఎంచుకున్న జట్టు తర్వాత ఎలా ఉండబోతోందో అప్పుడే అర్థమై ఉండాల్సింది.

అయినా మొదట్లో వాళ్లు కూర్చోలేదు. సెయింట్ లూయిస్‌లో చర్చి చర్చికీ ఒక పిల్లల జట్టు ఉండేది. ఆ చర్చి లీగులు నడిపిన బాబ్ గెల్కర్ అనే ఆయనే యూనివర్సిటీకి కోచ్ అయ్యాడు. ఊరి పిల్లల్నే ఏరుకొచ్చి 1959లో తొలి కప్పు కొట్టాడు. 1965 వచ్చేసరికి అయిదయ్యాయి. తర్వాత ఆయన మిసిసిపీ నది దాటి, అవతలి ఒడ్డున ఎడ్వర్డ్స్‌విల్‌లో ఉన్న యూనివర్సిటీకి వెళ్లి అక్కడ కొత్త జట్టు పెట్టాడు. విడిపోయిన అన్న ఎదురింట్లోనే కాపురం పెట్టినట్టు. 1979లో ఆ జట్టుకూ జాతీయ టైటిల్ తెచ్చాడు. ఈ రెండిళ్ల మధ్య కంచు బూటు అనే ట్రోఫీ కోసం ఏటా జరిగే మ్యాచ్‌కి 1980లో 22 వేలమందికి పైగా వచ్చారు. కాలేజీ మ్యాచ్‌కి! వీళ్ల పెన్షన్ మొదలై అప్పటికే ఏడేళ్లు, ఆ సంగతి ఎవరికీ తెలిసినట్టు లేదు.

గెల్కర్ తర్వాత వచ్చిన హ్యారీ కియో కోచ్‌గా ఇంకో అయిదు తెచ్చాడు. ఆయన ఉద్యోగం పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో. 1950 ప్రపంచ కప్‌లో, బ్రెజిల్‌లో, ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించిన అమెరికా జట్టులో ఆడిన మనిషి. ఆ ప్రపంచ కప్‌కి ఇండియాకూ పిలుపు ఉండింది, మనం వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వమన్నారని ఒక కథ, ప్రయాణం దూరమని ఒక కథ, ఒలింపిక్స్ ఉండగా ఇదెందుకని ఒక కథ. వెళ్లకపోవడానికి మన దగ్గర కారణాలకు ఎప్పుడూ కొరత లేదు.

ఇక పది టైటిళ్ల లెక్క గురించి. ఆడిట్ చేసేవాడెవడైనా ముందు 1967 దగ్గర ఆగుతాడు. ఆ ఏడాది ఫైనల్లో వాన, బురద. మిషిగన్ స్టేట్‌తో 0-0గా ఉండగా ఆట ఆపేసి కప్పును ఇద్దరికీ పంచారు. మామూలు లెక్కలో అది సగం. రికార్డు పుస్తకంలో ఒకటి. ఉమ్మడి ఆస్తిని అన్నదమ్ములిద్దరూ ఎవరికి వారు పూర్తిగా తమదే అని చెప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు కాబట్టి దీన్ని వదిలేద్దాం.

1971 మాత్రం వదిలేది కాదు. ఆ ఏడాది మయామీలో ఫైనల్. ఎదురుగా వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీ, నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన చారిత్రక విద్యాసంస్థ. కోచ్ లింకన్ ఫిలిప్స్ ట్రినిడాడ్ నుంచి వచ్చిన గోల్‌కీపర్. ఆటగాళ్లలో చాలామంది కరీబియన్ దీవుల వాళ్లు, ఆఫ్రికా వాళ్లు. ఊరి చర్చి పిల్లలకూ సముద్రాలు దాటి వచ్చిన పిల్లలకూ మధ్య పోటీ. హోవర్డ్ 3-2తో గెలిచింది. తర్వాత టోర్నమెంటు పెద్దలు కూర్చుని, కొందరు ఆటగాళ్ల అర్హత మీద లొసుగులు ఏరి, టైటిల్ రద్దు చేశారు. అయితే రెండోవాళ్లకూ ఇవ్వలేదు. రికార్డులో ఆ ఏడాది విజేత గడి ఈరోజుకీ ఖాళీ. బిల్లికెన్స్ చరిత్రలో వాళ్లు అడగకుండా, వాళ్లకు దక్కకుండా పోయిన ఒకే ఒక్క ఉచిత పథకం అది.

ఫిలిప్స్ 1974లో జట్టుతో తిరిగొచ్చాడు. ఫైనల్ సెయింట్ లూయిస్‌లోనే, ఎదురుగా మళ్లీ సెయింట్ లూయిసే. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగో అదనపు పీరియడ్ దాకా పోయిన మ్యాచ్‌లో హోవర్డ్ 2-1తో గెలిచి, ఆ సీజన్ ఒక్క ఓటమి కూడా లేకుండా ముగించింది. రిటైర్మెంట్ ఆర్డరు సొంత ఊళ్లోనే, సొంత జనం ముందే చేతికిచ్చారన్నమాట. అప్పటి నుంచి బిల్లికెన్స్ కుర్చీ దిగి పెన్షన్ కుర్చీ ఎక్కారు. 1997లో పొరపాటున సెమీఫైనల్ దాకా వెళ్లారు గానీ, వర్జీనియా వాళ్లు సమయానికి వచ్చి కాపాడారు.

పెన్షన్‌కి ఉన్న గండం ఒక్కటే, ఇండియానా. 1961 ఫైనల్లో సెయింట్ లూయిస్‌ను ఓడించిన వెస్ట్ చెస్టర్ జట్టులో జెర్రీ యేగ్లీ అనే కుర్రాడు ఉన్నాడు. అతను పెద్దయ్యాక ఇండియానా యూనివర్సిటీలో జట్టు కట్టాడు. దానికి అధికారిక హోదా వచ్చింది సరిగ్గా 1973లో, వీళ్ల ఆఖరి కప్పు వచ్చిన ఏడాది. 2012 కల్లా ఇండియానాకు ఎనిమిది. ఇప్పుడు కోచ్ ఆయన కొడుకు టాడ్. 2017లో ఫైనల్‌కి వచ్చారు, ఓడారు. 2020 సీజన్‌లో వచ్చారు, ఓడారు. 2022లో పెనాల్టీల్లో ఓడారు. తమ జట్టు ఆడని ఫైనళ్లకు ఇంత టెన్షన్ పడే అభిమానులు లోకంలో ఇంకెక్కడా ఉండరు.

ఈలోగా కప్పులు తేవడం మానేసినా మనుషుల ఎగుమతి ఆపలేదు. బ్రయన్ మెక్‌బ్రైడ్, టిమ్ రీమ్ ఇక్కడే ఆడి అమెరికా తరఫున ప్రపంచ కప్‌లు ఆడారు. యుద్ధం తర్వాత బోస్నియా నుంచి వచ్చిన వేదాద్ ఇబిసెవిచ్ ఇక్కడ ఒక్క సీజన్ ఆడి యూరప్ వెళ్లిపోయాడు. 2014 ప్రపంచ కప్‌లో బోస్నియాకు మొట్టమొదటి గోలు కొట్టింది అతనే.

ఇదంతా చదివి నవ్వే హక్కు మనకుందా అంటే, ఉంది, కాకపోతే తక్కువ. మన దగ్గరా నెయ్యి ఉంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్‌లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టువి. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాబ్ కోచ్‌గా ఉండగానే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది. తేడా ఎక్కడంటే, మిసోరీ వాళ్లు రోజూ మూతి చూపిస్తారు. మనం మూతి తుడిచేసుకున్నాం.

మా మేనల్లుడు ఆ యూనివర్సిటీలోనే ఎమ్మెస్ చేస్తున్నాడు. అక్కడ ఇప్పుడు తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు. వీసాకి చిలుకూరు బాలాజీ చుట్టూ తిరిగాడు, ఉద్యోగానికి బిల్లికెన్ పొట్ట నిమురుతున్నాడు. మొన్న మొదటిసారి సాకర్ మ్యాచ్‌కి వెళ్లాడట. గెలిచారా అని అడిగాను.

"లేదు మామయ్యా, సున్నా-సున్నా. వాన కూడా పడింది."

"అయితే సగం కప్పు వచ్చినట్టేరా," అన్నాను.