సైకిల్ టు వర్క్ స్కీమ్ గారికి ఒక విన్నపం

అయ్యా,

1999 ఫైనాన్స్ చట్టంతో పుట్టిన తమరు, బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ల ఇన్‌బాక్సుల్లోకి ఇప్పటికీ విడవకుండా దయచేస్తున్నారు. సంతోషం. ఆఫీసు సైకిల్ కొని ఉద్యోగికి అద్దెకిస్తుంది, ఆ అద్దెని పన్ను పడకముందే జీతంలోంచి కోసుకుంటుంది, అదీ తమరి కథ. "42 శాతం ఆదా" చూసి, భార్యకో సైకిల్ తీసుకోవచ్చా అని అడిగితే హెచ్ఆర్ నుంచి నిన్న ఒక్క ముక్కలో జవాబొచ్చింది: కుదరదు.

ఎందుకు కుదరదో తెలుసు లెండి. జీతం కోయించుకున్న ఉద్యోగే తొక్కాలి. అదీ ముఖ్యంగా ఇంటికీ ఆఫీసుకీ మధ్య. ఆదివారం ఆవిడ పార్కు చుట్టూ ఓ రౌండు వేస్తే చట్టానికి అభ్యంతరం లేదు, సైకిల్ ఆవిడ కోసమే అంటే మాత్రం పన్ను మినహాయింపు హుళక్కి. అదే ఒక్క ఉద్యోగికి రెండు సైకిళ్లు కావాలంటే ఇస్తారు, రైలుకి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి! పిల్లల సీటు కూడా మీ సేఫ్టీ సామాన్ల జాబితాలో ఉంది. పిల్ల వెనక కూర్చోవచ్చు, పిల్ల తల్లి మాత్రం నడిచి రావాలి.

ఆవిడ పనిచేసే చోటే అడగమంటారా? కేర్ హోమ్‌లోనో సూపర్‌మార్కెట్‌లోనో కనీస వేతనానికి చేస్తుంటే ఎంత అడిగినా దండగే. కోత పడ్డాక జీతం కనీస వేతనం కంటే తగ్గకూడదు, కాబట్టి కోయడానికి అక్కడ ఏమీ ఉండదు. సొంతంగా డెలివరీలు చేసుకునేవాళ్ల సంగతి మరీ ఘోరం. వానలో రోజంతా సైకిల్ తొక్కి బతికే మనిషి ఎవరి ఉద్యోగీ కాదు గనక మీ గుమ్మం కూడా తొక్కలేడు. వారానికి రెండు రోజులు ఆఫీసు మొహం చూసే మేనేజర్‌కి మాత్రం 40 శాతం పన్ను, 2 శాతం ఎన్ఐ (నేషనల్ ఇన్సూరెన్స్ చందా) మిగులు. ఎవరి కోసం పెట్టారండీ మిమ్మల్ని?

అందుకే షాపుల్లో ఆరడుగుల మగాళ్లు తమకే అని చెప్పి, భార్యకి సరిపోయే 49 సెంటీమీటర్ల చిన్న ఫ్రేమ్ మీద ఎక్కుతున్నారు. షాపు కుర్రాడు సీటు పోస్ట్‌ని ఆఖరి గీత దాకా లాగుతాడు, మోకాలు పోయి హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, కుర్రాడు గోడ మీద టైర్ల వైపు చూస్తాడు. ఆఫీసు ఇచ్చిన వోచర్ చెల్లిపోతుంది. మైళ్ల లెక్క డైరీలో రాయమని మీరెలాగూ అడగరు. అబద్ధమాడేవాడికి సైకిల్, అడిగి తీసుకుందామన్నవాడికి "కుదరదు".

పోనీ ఆ ఆదా అయినా నిజమా? 20 శాతం పన్ను కట్టేవాడికి (స్కాట్లాండ్ లెక్క వేరు) ఎన్ఐతో కలిపి మిగిలేది 28. వెయ్యి పౌండ్ల సైకిల్‌కి 720 పడుతుంది. ఏడాది తిరగ్గానే సొంతం చేసుకుంటానంటే పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ పట్టిక ప్రకారం దాని విలువ 25 శాతం, అంటే ఇంకో 250. మొత్తం 970. ముప్పై పౌండ్ల కోసం ఇంత తతంగం! 7 శాతం డిపాజిట్ కట్టి ఇంకో మూడేళ్లు అద్దెకి ఉంచుకుని, చివర్లో ఆ డిపాజిట్‌తోనే సొంతం చేసుకోవడమే తెలివైన పని, కానీ ఆ సంగతి పోస్టర్ మీద వెయ్యరు. మధ్యలో ఉద్యోగం మానేస్తే మిగతా కిస్తీలన్నీ పన్ను పోయాక చేతికొచ్చే జీతంలోంచే కోస్తారు.

ఇన్ని చేతనైనవారు, ఆ రూల్లో "ఉద్యోగి" పక్కన "లేదా జీవిత భాగస్వామి" అని రాయించలేరా? సైకిల్‌ ఒకటే, కోసేదీ ఆ ఒక్క జీతమే. ఎవరి కాళ్లు తొక్కితే మీకేం పోయింది?