మా ఆయన హెడ్‌సెట్ గారికి

మహారాజశ్రీ హెడ్‌సెట్ గారి దివ్య సముఖానికి,

తమరు క్షేమమని తలుస్తాను. తలవడమెందుకు, కళ్ళారా చూస్తూనే ఉన్నాను. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగున్నా లేకపోయినా తమరి ఛార్జింగ్ మాత్రం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం సంగతి మనం కాస్త మాట్లాడుకోవాలి. తలుపు లోపల గడియ. బెల్లు కొట్టాను, తలుపు బాదాను, ఫోన్ చేశాను. తమర్ని తగిలించుకుని మా ఆయన వీడియో గేమ్ మొదలుపెడితే ఫోన్ డూ నాట్ డిస్టర్బ్‌లోకి వెళ్ళిపోతుందని తమరికి తెలియనిదేముంది. రెండు చేతుల్లోనూ సంచులు. పక్కింటావిడ తొంగిచూసి "ఇంట్లో ఎవరూ లేరా?" అని అడిగింది. ఉన్నారని చెబితే మా పరువు పోతుంది, లేరని చెబితే అబద్ధం. ఊరికే నవ్వాను. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి మా ఆయన గొంతు: "నువ్వక్కడే ఉండు బ్రో, నేనొచ్చి డోర్ ఓపెన్ చేస్తా."

ప్రాణం లేచొచ్చింది. బ్రో అన్నందుకు కూడా ఏమీ అనుకోలేదు, సంచులు సర్దుకుని గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది, ఆటలో. బ్రో క్షేమంగా లోపలికి వెళ్ళాడు. నేను మాత్రం మ్యాచ్ అయ్యేదాకా మెట్ల మీదే కూర్చున్నాను.

తమరి పనితనాన్ని శంకించేంతదాన్ని కాదు. ఏ శబ్దమైనా ఒక చెవికంటే రెండో చెవికి సెకనులో వెయ్యో వంతు కూడా లేని ఆలస్యంతో చేరుతుందనీ, ఎటునుంచి వచ్చిందో మెదడు పసిగట్టడానికి ఆ కాస్త తేడా కూడా సాయపడుతుందనీ చదివాను. ఆ తేడాని తమరు ఎంత చక్కగా వినిపిస్తారంటే, ఆటలో రెండో అంతస్తులో ఎవరో పిల్లిలా నడుస్తుంటే మా ఆయన ఠక్కున అటు తిరుగుతాడు. అదే మనిషిని నేను భుజం పక్కన నిలబడి పేరు పెట్టి పిలిస్తే పలకడు. తమరి మూలపురుషుణ్ణి 1910లో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింటి బల్ల మీదే తయారుచేసి అమెరికా నౌకాదళానికి అమ్మాడట. వంటింట్లో పుట్టిన వంశం అయ్యుండి, వంటింట్లోంచి వచ్చే కేక ఒక్కటీ తమరు లోపలికి రానివ్వరు!

వారానికి 40 గంటలు వింటే శబ్దం సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క కూడా మా ఆయనకి చూపించాను. సౌండ్ సంగతి తర్వాత, ఆ 40 గంటలు వారంలో ఏ రోజుకి పూర్తవుతాయో ముందు తేలాలి.

తమరి బంధువర్గం గురించి పెద్దగా మాట్లాడను. రోజూ లాగిన్ అవ్వకపోతే బహుమతి పోతుందని బెదిరించే ఆ కేలెండర్‌కీ, సీజన్ ముగిసిపోతోందని ఏడాది పొడుగునా కంగారు పెట్టే ఆ బహుమతుల పాస్‌కీ నా నమస్కారాలు. మ్యాచ్ మధ్యలో వదిలేసి వెళ్తే పెనాల్టీ పడుతుందట, కాసేపు కొత్త మ్యాచ్‌లోకి రానివ్వరట. నేను చెబుతున్న మాట మధ్యలో వదిలేసి వెళ్తే ఏ పెనాల్టీ లేదు.

ఇవన్నీ భరించవచ్చు. నా బాధల్లా మా ఆయన తమరి మైకులో మాట్లాడే పద్ధతి గురించే. "సారీ బ్రో, నా తప్పే." "పర్లేదు బ్రో, అందరికీ అవుతుంది." "నువ్వు టెన్షన్ పడకు, నేను కవర్ చేస్తా." ఇంత ఓపిక, ఇంత మర్యాద! తప్పు ఒప్పుకోవడం ఈ మనిషికి వచ్చని నాకు గోడ అవతలి నుంచి వింటేగానీ తెలియలేదు. ఒక రాత్రి ఆ బ్రోలలో ఎవరికో ఉద్యోగం పోయింది. ఆట పక్కన పెట్టి మరీ మా ఆయన వాడి కష్టమంతా విన్నాడు. మధ్యలో మాట తుంచలేదు, సలహాలు గుప్పించలేదు, ఊఁ కొడుతూ విన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి మా ఆయన నాకు మళ్ళీ నచ్చాడు. మర్నాడు నా ఆఫీసు గొడవ చెప్పబోతే "ఆఁ" అన్నాడు. ఆ "ఆఁ" నాకు చెప్పింది కూడా కాదు, స్క్వాడ్‌లో, అంటే ఆటలో తన జట్టులో, ఎవరికో చెప్పింది.

నేను జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడుకున్న రోజు పక్క గదిలోంచి వినబడింది: "నీ హెల్త్ ఎంతుంది? ఆగు, మెడికిట్ ఇస్తా." ఇంక తమరూ గిమరూ లేదు, విను. నేను గదిలోకి రాగానే నీ మైకు మీద ఎర్ర లైటు వెలుగుతుంది చూడు, అది నా గొంతు బయటివాళ్ళకి వినబడకూడదని మా ఆయన నొక్కే మ్యూట్. నా ఇంట్లో నేను అడుగుపెడితే వెలిగే లైటది! నీ కుషన్ తోలు పెచ్చులూడి, ఆ నల్లటి పొట్టు నా దిండు మీద రాలుతోంది. దులుపుతున్నది నేను. మా ఆయనకి వినడం చేతకాక కాదు, ఉన్న చెవులన్నీ నువ్వు తీసేసుకున్నావు.

ఒక చెవి ఖాళీగా ఉంచుకుంటానని మాటిచ్చాడు. ఆ మాట నిలవలేదు. అప్పట్నుంచి మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య లాబీలో ఉన్నప్పుడే మాట్లాడటం నేర్చుకున్నాను. కరెంటు బిల్లూ, అత్తగారి ఆరోగ్యం, నా దిగులూ ఆ కాస్త సందులోనే చెప్పెయ్యాలి. గేమింగ్ డిజార్డర్ గురించి కూడా అలాగే చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆట అదుపులో ఉండకపోవడం, మిగతా పనులన్నీ దాని తర్వాతే కావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతినేంతగా, మామూలుగా 12 నెలలైనా సాగితేనే ఆ పేరు పెడతారట. ఎక్కువ ఆడే ప్రతివాడికీ అది ఉన్నట్టు కాదు, ఉందో లేదో తేల్చాల్సింది నేనూ కాదు. మొదటిసారి చెప్పినప్పుడు "అందరూ ఆడుతున్నారుగా" అన్నాడు. నిన్న రాత్రి మాత్రం నిన్ను తీసి బల్ల మీద పెట్టి, నేను చెప్పిందంతా విని, సరే వెళ్దాం అన్నాడు.

శనివారం సాయంత్రం కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్. నిన్ను తీసుకెళ్ళడం లేదు. అక్కడ నేను మాట్లాడాలి, ఆయన వినాలి, నీకు పనేం లేదు. కావాలంటే ఇంట్లో కూర్చుని ఛార్జింగ్ పెట్టుకో.

ఇట్లు,
స్క్వాడ్‌లో చోటు దొరకని భార్య