వామిటోరియం వాంతుల గది కాదు

వాట్సాప్‌లో మళ్ళీ అదే ఫార్వర్డ్ తిరుగుతోంది: "రోమన్లు విందులో కడుపు పగిలేలా తిని, వామిటోరియం అనే గదిలోకి వెళ్ళి కక్కుకుని, మళ్ళీ వచ్చి తినేవాళ్ళు. అందరూ టోగాలు చుట్టుకుని, ప్రభుత్వం ఇచ్చే ఉచిత రొట్టె తింటూ, పని చేయకుండానే బతికేవాళ్ళు."

ముందు ఆ గది సంగతి. అసలు అలాంటి గదే లేదు. ఆంఫీథియేటర్‌లో, అంటే చుట్టూ మెట్లున్న ఆటల ప్రాంగణంలో, మెట్ల వరుసల మధ్యకు తెరుచుకునే దారి పేరు వామిటోరియం. లాటిన్‌లో కక్కడం అనే మాట నుంచే వచ్చింది, కాకపోతే అది కక్కేది జనాన్ని. ఆట వదిలాక సినిమా హాలు గేటు చూస్తే అర్థమవుతుంది. క్రీ.శ. 80లో తెరుచుకున్న కొలోసియంకు (రోమ్‌లోని ఆంఫీథియేటర్) 80 ద్వారాలు. వాటిలో 76కి నంబర్లు చెక్కారు, కొన్ని నేటికీ కనిపిస్తాయి. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది సమాజంలో హోదాను బట్టే. ఆట జరిగే అరీనా అంచున సెనేటర్లు, వాళ్ళ వెనక 4 లక్షల సెస్టర్సుల (రోమన్ నాణేలు) ఆస్తి ఉన్న అశ్విక వర్గం అనే ధనికులు, ఆపైన మామూలు పౌరులు. ఆడవాళ్ళకు చిట్టచివరి పై వరుసలే.

విందులో కక్కుకున్నవాళ్ళు అసలు లేరని కాదు. రోమన్ తత్వవేత్త సెనెకా తన తల్లికి రాసిన లేఖలో, కక్కేది తినడానికి, తినేది కక్కడానికి అని వాళ్ళను ఎద్దేవా చేశాడు. ఆయన తిట్టింది దేశదేశాల నుంచి వంటకాలు తెప్పించుకునే సంపన్నులను. రోమ్‌లో ఎక్కువమంది ఉన్నది ఇన్సులా అనే అద్దె మేడల్లో. పైకి వెళ్ళేకొద్దీ గది ఇరుకు, అద్దె తక్కువ, మంటలంటుకుంటే దిగిరావడం కష్టం (లిఫ్టులు లేని కాలం మరి). చాలా గదుల్లో వంటిల్లే ఉండదు. వీధి కొట్లో కొనుక్కున్న రొట్టె, పప్పుగింజలు, లేదంటే గోధుమ జావ. కక్కుకునేంత తిండి ఎక్కడిది?

టోగా అంటే ఒంటికి చుట్టుకునే పొడవాటి బట్ట. అది పౌరులది, బానిసలు కట్టకూడదు. పౌరులకూ అది బరువే, పనికి ట్యూనిక్ అనే మామూలు చొక్కా వేసుకునేవాళ్ళు. ఫోరం అనే నగర కూడలిలోకి టోగా లేకుండా రానివ్వొద్దని అగస్టస్ చక్రవర్తి అధికారులకు చెప్పాల్సి వచ్చింది.

ఇక ఉచిత రొట్టె. క్రీ.పూ. 123లో తక్కువ ధరకు ధాన్యం ఇవ్వడం మొదలైంది, క్రీ.పూ. 58లో అది ఉచితమైంది. అదీ రోమ్ నగరంలో పేరు నమోదైన పౌరులైన మగవాళ్ళకే, మనిషికి నెలకు సుమారు 33 కిలోలు. అగస్టస్ ఆ జాబితాను 2 లక్షల దగ్గర ఆపాడు. భార్యాపిల్లలకు వేరే వాటా లేదు, అద్దె, నూనె, బట్ట సంపాదించుకోవాల్సిందే. పైగా ఇచ్చేది గింజలు. పిండి పట్టించి కాల్పించుకునే ఖర్చు ఎవరిది వాళ్ళదే. రొట్టెగానే పంచడం క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఆరేలియన్ చక్రవర్తి హయాంలో మొదలైంది.