పేదవాళ్లకు పేదరికం సరిగ్గా రావడం లేదు

కష్టాల మీద వచ్చిన సినిమాలు, నవలలు, పాటలు ఏళ్ల తరబడి శ్రద్ధగా చూసి, చదివి, విని, అవసరమైన చోటల్లా కన్నీళ్లు కూడా పెట్టుకున్న బాధ్యతగల ప్రేక్షకుడిగా నాదొక ఫిర్యాదు. నిజం పేదవాళ్లు అస్సలు ప్రమాణాలు పాటించడం లేదు. కష్టం ఎలా ఉండాలో కళాకారులు ఇంత ఖర్చుపెట్టి నమూనా తయారుచేసి చూపిస్తుంటే, పోనీ ఒకసారి చూసి నేర్చుకుందాం అన్న ఆసక్తి కూడా వాళ్లలో కనపడదు.

సినిమాలో పేదిల్లు చూడండి. కప్పుకి ఒకటే చిల్లు. ఎండొస్తే ఆ చిల్లులోంచి వెలుగు తిన్నగా తల్లి మొహం మీదే పడుతుంది, వానొస్తే నీళ్లు తిన్నగా గిన్నెలోనే పడతాయి. హీరో చొక్కా భుజం దగ్గర మాత్రమే చిరుగుతుంది. దుమ్ము జుట్టుకి అంటుకుంటుంది గానీ చర్మానికి అంటదు. ఇక జబ్బు సంగతి సరేసరి. ముందు దగ్గు, తర్వాత రుమాల్లో రక్తం, ఆ రుమాలు దాచడం, అది ఎవరికో ఒకరికి దొరకడం, ఆపైన డాక్టరు కళ్లద్దాలు తీసి ఒక అంకె చెప్పడం. చిల్లర లేని రౌండ్ ఫిగరు. నిజం మనుషులకేమో మోకాళ్ల నొప్పులు, షుగరు, పిప్పిపన్ను. పిప్పిపన్నుకి వయొలిన్ ఎవడు వాయిస్తాడండీ?

అన్నిటికంటే పెద్ద లోపం, నిజం పేదరికంలో కథ నడవదు. సగం రోజు ఎదురుచూపులకే సరిపోతుంది. క్యూలో నిలబడి కౌంటరు దాకా వెళ్తే ఫొటో మీద సంతకం లేదంటారు, ఆ సంతకం పెట్టే ఆయన సెలవులో ఉంటాడు, ఆయన వచ్చేసరికి ఫారమే మారిపోయి ఉంటుంది. మిగతా సగం లెక్కలు. ఎవరి దగ్గర తెచ్చి ఎవరి వడ్డీ కట్టాలి, ఈ వారం ఏది మానుకుంటే వచ్చే వారం ఏది గట్టెక్కుతుంది, పిల్లాడి ఫీజు ముందా అద్దె ముందా. ఇంత లెక్క బుర్రలో పెట్టుకుని తిరిగే మనిషి మొహంలో వేదన ఎక్కడ కనపడుతుంది, పోటీ పరీక్షలో టైము చాలనివాడి మొహంలా ఉంటుంది. ఆ మొహాన్ని పోస్టరు మీద వేస్తే టికెట్టు ఎవరు కొంటారు? అందుకే దర్శకులు తెలివిగా వడ్డీని పక్కన పెట్టి వడ్డీవ్యాపారిని తెస్తారు. వాడికో బంగారుపన్ను కట్టించి, వికారంగా నవ్విస్తారు. క్లైమాక్సులో హీరో ఆ పన్ను రాలగొడతాడు, అప్పు తీరిపోయినంత హాయిగా మనం ఇంటికొస్తాం. నూటికి ఎంత వడ్డీ, అసలు ఎంత, కట్టింది ఎంత అని థియేటర్లో ఇంతవరకు ఒక్కడూ అడగలేదు.

పేదవాడు మంచివాడై ఉండాలి. దీనిలో రాజీ లేదు. దొంగతనం చేయొచ్చు, కానీ రొట్టె మాత్రమే, అదీ పిల్లల కోసమే. విక్టర్ హ్యూగో ఈ విషయంలో ఎంతో జాగ్రత్తపరుడు. 1862లో వచ్చిన ఆయన నవల 'లే మిజరాబ్ల్'లో హీరో జాన్ వాల్‌జాన్ రొట్టె దొంగిలించింది అక్క పిల్లల ఆకలి చూడలేక. ఆ దొంగతనానికీ, జైలు నుంచి పారిపోబోయినందుకూ కలిపి 19 ఏళ్లు లోపలే ఉన్నాడు కాబట్టి మనం పెద్దమనసుతో క్షమించాం. అదే కథ 1985 నుంచి లండన్‌లో సంగీత నాటకంగా ఆడుతోంది. మెత్తటి కుర్చీలో కూర్చుని ఆకలి గురించి పాటలు వింటాం, ఇంటర్వెల్‌లో ఏదో ఒకటి తినడానికి బయటికి వెళ్తాం. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ కాలపు పేదవాడు కాస్త మంచి ఫోను కొనుక్కుంటాడు! చెల్లెలి వాటా నొక్కేస్తాడు, పక్కింటివాళ్ల మీద చాడీలు చెప్తాడు, మనం జాలిగా చూస్తుంటే ఏంటి చూస్తున్నావని అడుగుతాడు. ఇలాంటివాళ్లకి జాలి మంజూరు చేయడం కుదరదు.

ఈ చిక్కంతా ముందే ఊహించిన మహానుభావుడు హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్. యుద్ధం ముగిశాక రోమ్ నగరం, పని దొరకని ఒక మనిషి, సైకిలుంటేనే పోస్టర్లు అంటించే ఉద్యోగం, ఆ సైకిలు కాస్తా దొంగల పాలు. ఇదీ 'బైసికిల్ థీవ్స్' కథ. డబ్బు నేను పెడతా, హీరోగా హాలీవుడ్ స్టార్ కేరీ గ్రాంట్‌ని పెట్టండి అన్నాడాయన. ఎంత చక్కటి ఆలోచన! కేరీ గ్రాంట్ సైకిలు పోతే ఊరు ఊరంతా వెతికి పెట్టేది. దర్శకుడు డి సికా వినలేదు, లాంబెర్టో మాజ్జోరానీ అనే ఫ్యాక్టరీ కార్మికుణ్ణి తెచ్చి హీరోని చేశాడు. సినిమా 1948లో వచ్చింది, 1950లో ఆస్కార్ వాళ్లు గౌరవ పురస్కారం ఇచ్చారు, పండితులు ఇప్పటికీ మెచ్చుకుంటూనే ఉన్నారు. హీరోగారు మాత్రం ఫ్యాక్టరీకి తిరిగి వెళ్తే, సినిమాలో బాగానే వెనకేసుకుని ఉంటావులే అని పనిలోంచి తీసేశారు. పోనీ సినిమాల్లో ఉందామంటే అక్కడా పెద్దగా వేషాలు రాలేదు. పని లేనివాడిగా నటించి ఉన్న పని పోగొట్టుకున్నాడు. సెల్జ్‌నిక్ మాట విని ఉంటే కేరీ గ్రాంట్‌కి ఈ తిప్పలు వచ్చేవా?

ఫొటో విషయంలోనూ ఇదే క్రమశిక్షణ కావాలి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ కోతకి వచ్చి చిక్కుకుపోయిన కూలీల శిబిరంలో డొరొథియా లాంజ్ ఒక తల్లి ఫొటో తీసింది. చేయి చెంపకి ఆనించుకుని ఎటో చూస్తున్న ఆవిడ, భుజాల మీద మొహాలు దాచుకున్న పిల్లలు, మీరూ చూసే ఉంటారు. అంతా బాగా కుదిరింది గానీ ఒక మూల, గుడారం గుంజ దగ్గర, ఆవిడ బొటనవేలు అడ్డంగా వచ్చేసింది. తర్వాత నెగెటివ్‌లో ఆ వేలిని చెరిపించారు. మంచి పని చేశారు. జాలి పడుతున్నప్పుడు వేళ్లు అడ్డొస్తే చిరాకు కదా. 1998లో ఆ ఫొటోతో అమెరికా తపాలా శాఖ 32 సెంట్ల స్టాంపు వేసింది. ఫొటో తీసిననాటికి ఆవిడ వయసూ 32 ఏళ్లే, చక్కగా కలిసొచ్చింది. ఆవిడ పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది నలభై ఏళ్లు దాటాక, 1978లో. ఆ ఫొటో వల్ల తనకి ఒక్క సెంటు కూడా రాలేదని ఆవిడ అప్పుడు చెప్పింది. 1983లో జబ్బు పడితే వైద్యానికి చందాలు అడగాల్సి వచ్చింది. జనం ఇచ్చారు కూడా, ఫొటో అంత బాగుంది మరి.

మన సత్యజిత్ రాయ్‌కి కూడా ఇందులో వాటా ఉంది. 'పథేర్ పాంచాలి'కి చేతిలో డబ్బులయిపోతే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుంది, ఆ ఖర్చుని రోడ్ల అభివృద్ధి పద్దులో రాసుకుంది. పేరులో దారి ఉంది కదా, పద్దుకి అడ్డేముంది? 1980లో నటి నర్గీస్, అప్పటికి రాజ్యసభ సభ్యురాలు, రాయ్ పేదరికాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నారని మండిపడింది. నా బాధ వేరు. ఎగుమతి చేసే సరుకులో కనీసం ఒక డ్యూయెట్టు అయినా ఉండొద్దా?

రచయితల్లో నాకు ఆదర్శం డికెన్స్. పన్నెండేళ్లప్పుడు బూట్ పాలిష్ తయారుచేసే చోట డబ్బాలకి లేబుళ్లు అంటించే పని చేశాడు. ఆ సంగతి పాఠకులకి తెలిసింది 1870లో ఆయన పోయిన తర్వాతే, స్నేహితుడు ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్ర వల్ల. ఊళ్లోవాళ్ల కష్టం నవలకి, సొంత కష్టం బీరువాకి. ఇదీ పద్ధతంటే.

పోరాటాలకీ ఒక కొలత ఉంది, సమ్మె ఒక పాటలో అయిపోవాలి. పల్లవిలో పిడికిళ్లు, మొదటి చరణంలో లాఠీలు, రెండో చరణంలో యజమాని కూతురు జెండా పట్టుకుని ఇటువైపు వచ్చేయడం. నిజం సమ్మె నెలల తరబడి సాగుతుంది, జీతం ఆగిపోతుంది, యూనియన్ రెండుగా చీలుతుంది, చర్చలంటూ పిలిచి టీ ఇచ్చి పంపేస్తారు. దీనికి బాణీ ఎవరు కడతారు?

కట్టినా, బిల్లీ హాలిడేలా మాత్రం పాడొద్దు. 1939లో న్యూయార్క్‌లోని కెఫే సొసైటీ క్లబ్బులో ఆమె 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాడేది, అమెరికా దక్షిణాదిన నల్లవాళ్లని చెట్లకి ఉరితీసి చంపడం గురించిన పాట. ఆ పాట మొదలయ్యే ముందు వెయిటర్లు సర్వింగ్ ఆపేసేవారు. లైట్లన్నీ తీసేసి ఆమె మొహం మీద ఒక్కటే ఉంచేవారు. కొలంబియా కంపెనీ ఆ పాటని రికార్డు చేయనంటే, కమొడోర్ అనే చిన్న సంస్థ చేసింది. కొలంబియా వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. డబ్బిచ్చి వచ్చిన కస్టమరు గ్లాసు నింపమని అడగడానికి లేదు, పక్కవాడితో కబుర్లాడ్డానికి లేదు, చప్పట్లు కొట్టాలో ఊరుకోవాలో చెప్పేవాడు లేడు. పాట అవగానే ఆ ఒక్క లైటూ ఆర్పేసేవారు, మళ్లీ వెలిగేసరికి వేదిక మీద ఆమె ఉండేది కాదు. వన్స్ మోర్ అని అరుద్దామన్నా ఎదురుగా మనిషే లేకపోతే ఎవరిని అడుగుతామండీ?