ఫెయిర్ కాపీలే దాస్తే చాలా?

ఆ మధ్య ఒక కాలేజీ డిజిటల్ ఆర్కైవ్‌లో పాత విద్యార్థుల వ్యాసాలు తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. రాసిన విద్యార్థి మొదటి వాక్యం రాసి కొట్టేశాడు. మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాడు. మూడోది ఉంచాడు. పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో 'మొదటిదే బాగుంది' అని ఉంది. ఆ మాట ఎవరిది? దిద్దిన లెక్చరర్‌దా, తర్వాత చదువుకుని విద్యార్థే రాసుకున్నదా? ఎర్ర సిరా అయితే లెక్చరర్‌ది, నీలం అయితే కుర్రాడిది. కానీ తెలుసుకునే దారే లేదు. ఫైలు సైజు తగ్గుతుందని పేజీలన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేశారు. సిరాలన్నీ ఒకటే నలుపు.

కాలేజీలు ఆర్కైవ్‌లు పెట్టుకోవడం కొత్తేమీ కాదు. సౌతాంప్టన్ యూనివర్సిటీ 2000లో ఈప్రింట్స్‌ను, ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి 2002లో డీస్పేస్‌ను తెచ్చాక ఆర్కైవ్ నడిపే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది. సర్వర్, ఓపిక ఉంటే చాలు. ఇంతకీ వాటిలోకి ఎక్కుతున్నదేమిటి? బైండింగ్ చేసి సంతకాలు పెట్టిన థీసిస్‌లు, వార్షిక సంచికలు, ఫస్ట్ ప్రైజ్ వ్యాసాలు. దాదాపు అన్నీ ఫెయిర్ కాపీలే. మామూలు విద్యార్థి రాసిన మామూలు అసైన్‌మెంటు, కొట్టివేతలతో, దిద్దుబాట్లతో, 'ఇది సిలబస్‌లో లేదు' అన్న చీవాట్లతో, నేను చూసిన ఆ పేజీలా ఎప్పుడో తప్ప కనబడదు. ఆర్కైవ్‌లు ముందు దాచాల్సింది దాన్నే అంటాను.

విద్యార్థుల రాతలు ఎందుకు దాచాలని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటుంది: 'ఎవరు రేపు ఏమవుతారో ఎవరికి తెలుసు?' క్లాడ్ షానన్ 1937లో ఎంఐటీకి ఇచ్చిన మాస్టర్స్ థీసిస్ డిజిటల్ సర్క్యూట్లకు పునాది వేసింది. అప్పటికి అతనికి 21 ఏళ్లు. 25 ఏళ్ల అంబేడ్కర్ 1916 మే 9న అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో మానవశాస్త్రవేత్త గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో కులం పుట్టుక మీద పేపర్ చదివాడు. మరుసటి ఏడాది అది పత్రికలో అచ్చయింది, ఇప్పటికీ చదువుతున్నాం. నిజమే. అయినా నాకు ఈ వాదన నచ్చదు. ఇది లాటరీ టికెట్లు దాచుకోవడం లాంటిది. ఆ రోజు అదే బల్ల చుట్టూ కూర్చున్న మిగతావాళ్ల పేపర్లకు విలువ లేనట్టేనా?

ఓన్‌ఫిమ్‌ను చూడండి. పదమూడో శతాబ్దం, రష్యాలోని నోవ్‌గొరోడ్. ఆరేడేళ్ల పిల్లాడు. బిర్చ్ చెట్టు బెరడు మీద అక్షరాలు దిద్దుతున్నాడు. పదకొండో అక్షరం దాకా వచ్చాక విసుగొచ్చింది. మిగిలిన జాగాలో గుర్రం మీద ఒక వీరుణ్ని గీశాడు. కింద పడ్డ శత్రువును ఈటెతో పొడుస్తున్నాడు. వీరుడి పక్కన రాసిన పేరు ఓన్‌ఫిమ్. ఇంకో బెరడు మీద ఒక మృగం బొమ్మ గీసి 'నేను మృగాన్ని' అని రాసుకున్నాడు. అతను పెద్దయ్యాక ఏమయ్యాడో చరిత్రకు తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఆ కాలంలో చదువు ఎలా మొదలయ్యేదో, ఎక్కడ విసుగొచ్చేదో ఏ రాజశాసనమూ చెప్పదు. ఈ పిల్లాడి బెరడు చెబుతోంది.

అంతకు మూడు వేల ఏళ్ల ముందు మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, నిప్పూర్ అనే ఊళ్లో ఒక చిన్న ఇల్లు బడిగా నడిచింది. పురావస్తు శాస్త్రవేత్తలు దాన్ని హౌస్ ఎఫ్ అంటారు. 1950ల మొదట్లో తవ్వితే సుమారు 1,400 మట్టి పలకలు, వాటి ముక్కలు బయటపడ్డాయి. ఎక్కువ భాగం పిల్లల అభ్యాసాలే. వాటిని ఎవరూ భద్రంగా దాచలేదు. పనికిరావని గచ్చులోకి, గోడల్లోకి, అరుగుల్లోకి వాడేశారు. ఆ కాలపు బడి గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ ఇంటి గచ్చు కింద నుంచి వచ్చిందే.

నన్ను కుదురుగా కూర్చోనివ్వని విషయం ఇదే. ఇన్నాళ్లూ విద్యార్థి రాతను కాపాడింది లైబ్రరీ కాదు, చెత్తకుప్ప. మట్టి, బెరడు, అటక మీద కట్టిపెట్టిన నోటు పుస్తకాలు. పారేసినా ఎక్కడో ఒకచోట పడి ఉండేవి. డిజిటల్‌కు అటక లేదు. కోర్సు అయిపోయాక కొన్నాళ్లకు పోర్టల్‌లోని అసైన్‌మెంట్లు తుడిచేస్తారు. విద్యార్థి బయటికెళ్లగానే అకౌంట్ మూసేస్తారు. తవ్వడానికి గచ్చు కూడా మిగలదు. పనిగట్టుకుని దాస్తేనే ఉంటుంది, లేకపోతే లేదు.

డిజిటల్ చేస్తే శాశ్వతం అనుకునేవాళ్లకు బీబీసీ డూమ్స్‌డే ప్రాజెక్టు గుర్తు చేయాలి. ఇంగ్లండ్‌లో ఊరూరా భూముల లెక్కలు రాసిన 1086 నాటి డూమ్స్‌డే సర్వేకు 900 ఏళ్లయిన సందర్భంగా 1986లో బ్రిటన్‌లో పది లక్షల మందికి పైగా, అందులో ఎక్కువగా బడి పిల్లలు, తమ ఊళ్ల గురించి రాశారు. దాన్ని లేజర్ డిస్కుల్లోకి ఎక్కించారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరకడం గగనమైంది. చివరికి నిపుణులు కష్టపడి బయటికి తీశారు. ఆ 1086 సర్వే రాసిన తోలు పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ తెరిచి చదువుకోవచ్చు.

ప్రైవసీ సంగతేమిటని అడుగుతారు. పద్దెనిమిదేళ్ల వయసులో రాసిన తిక్క రాతలు జీవితాంతం గూగుల్‌లో వెంటాడితే ఎలా? న్యాయమైన టెన్షనే. కానీ దాచడం వేరు, అందరికీ చూపించడం వేరు. హార్వర్డ్ ఆర్కైవ్స్‌లో విద్యార్థుల రికార్డులకు 80 ఏళ్ల తాళం ఉంటుంది. ఫలానా తేదీ దాకా తెరవొద్దని పెట్టే ఏర్పాటు డీస్పేస్‌లోనే ఉంది. తాళం వేయమనండి, ఒప్పుకుంటాను. కాల్చేయమంటే మాత్రం ఒప్పుకోను. ఆ తాళం కూడా పెద్దమనుషుల కోసం వేయకూడదు. హిల్లరీ క్లింటన్ 1969లో వెల్‌స్లీ కాలేజీలో రాసిన థీసిస్‌ను ఆమె వైట్‌హౌస్‌లో ఉన్నన్నాళ్లూ మూసి ఉంచారు. దాంతో అందులో ఏముందోనని పుకార్లు పెరిగాయి. 2001లో తెరిచి చూస్తే, శ్రద్ధగా చదివే విద్యార్థిని రాసిన థీసిస్ ఉంది.

అసలు ఈ ఫెయిర్ కాపీ పిచ్చి ఆర్కైవ్‌లతో మొదలైనది కాదు. మన చదువులన్నీ దాని మీదే నడుస్తున్నాయి. రఫ్ పేజీ మీద అడ్డంగా గీత కొట్టమంటారు, దానికి మార్కులుండవు. తప్పు ఎక్కడ మొదలైంది, ఎలా సరిదిద్దుకున్నాడు అన్నది ఎవరికీ అక్కర్లేదు. చివరి జవాబు ఒక్కటే కావాలి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ చివరి జవాబు క్షణంలో, ఒక్క కొట్టివేత లేకుండా దొరుకుతోంది. ఇప్పుడేమో లెక్చరర్లు 'ఇది నువ్వే రాశావని రుజువేది?' అని అడుగుతున్నారు. రుజువు రఫ్ పేజీలోనే ఉండేది. దానికి విలువ లేదని పిల్లలకు నేర్పింది మనమే! కొట్టివేతకు కూడా మార్కులిచ్చి ఉంటే ఈ రోజు ఇంత కంగారు పడేవాళ్లమా?

ఆర్కైవ్‌లు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. అసైన్‌మెంటు సమర్పించేటప్పుడే 'దాచుకోవచ్చా, ఎన్నేళ్లకు తెరవొచ్చు' అని విద్యార్థిని అడగాలి. రంగుల్లో స్కాన్ చేయాలి, మార్జిన్లు కత్తిరించొద్దు, స్పెల్లింగులు సరిచేయొద్దు. స్కాన్ అయ్యాక కాగితం పారేయొద్దు.

చివరి మాట ఊరికే అనడం లేదు. 'మొదటిదే బాగుంది' పేజీని మళ్లీ రంగుల్లో స్కాన్ చేసి పంపగలరా అని ఆ ఆర్కైవ్ వాళ్లకు రాశాను. మూడు రోజులకు మర్యాదగానే జవాబొచ్చింది. డిజిటైజ్ అయిపోయింది కదా అని ఆ కట్టలన్నీ తూకానికి వేసేశారట.